ఐటీఐఆర్ బోర్డు చూసి ప్లాటు కొన్నాం, ఇప్పుడేం చేయాలి?

హైదరాబాద్ ఐటీఐఆర్ మీద వచ్చిన ఉత్తరాల్లోంచి కొన్ని ఏరి జవాబులిస్తున్నాం. కొత్తవారి కోసం ఒక్క ముక్క: ఐటీఐఆర్ అంటే ఇన్ఫర్మేషన్ టెక్నాలజీ ఇన్వెస్ట్‌మెంట్ రీజియన్. 2008లో కేంద్రం తెచ్చిన విధానం కింద, 2013 సెప్టెంబరు 20న కేంద్ర కేబినెట్ హైదరాబాద్ చుట్టూ 202 చదరపు కిలోమీటర్లకు ఆమోదం తెలిపింది. పేర్లు వేయొద్దని చాలామంది కోరారు కాబట్టి ఊళ్లు మాత్రమే ఇస్తున్నాం.

ప్ర: 2014ల మహేశ్వరం దిక్కు 200 గజాలు కొన్నం. ఐటీఐఆర్ వస్తది, అయిదేండ్లల్ల పదింతలైతదని ఏజెంటు చెప్పిండు. అది ఇంకా వస్తదా? ప్లాటు ఉంచుకోవాల్నా, అమ్ముకోవాల్నా? (సైదాబాద్, హైదరాబాద్)

జ: ఐటీఐఆర్ అన్న పేరుతో ఇక రాదనే అనుకోండి. మొదటి దశ 2013 నుంచి 2018 వరకని రాసుకున్నారు. ఆ గడువు దాటిపోయింది. కేంద్రం ఆ విధానాన్ని పక్కనపెట్టి, ఎలక్ట్రానిక్స్ తయారీ క్లస్టర్లకు సాయం చేసే ఈఎంసీ 2.0, ఉత్పత్తిని బట్టి ప్రోత్సాహకమిచ్చే పీఎల్‌ఐ లాంటి వేరే పథకాల వైపు వెళ్లింది. బెంగళూరు శివారు దేవనహళ్లి దగ్గర తలపెట్టిన ఐటీఐఆర్ గతీ అంతే. ఇది ఒక్క హైదరాబాద్‌కు పట్టిన దరిద్రం కాదు.

మీ ఏజెంటు మాటలో అబద్ధం ఎంత అంటే, పూర్తిగా అబద్ధమని అనలేం. కేబినెట్ ఆమోదించిన మ్యాపులో శంషాబాద్ విమానాశ్రయం, మహేశ్వరం ప్రాంతానికి 79.2 చదరపు కిలోమీటర్లు ఉన్నాయి. సైబరాబాద్ వైపు 86.7, ఉప్పల్, పోచారం వైపు 10.3, ఈ మూడింటినీ కలుపుతూ ఔటర్ రింగ్ రోడ్డు వెంట రెండు కారిడార్లకు 11.5, 14.3. అయితే గీతలోపల ఉన్నంత మాత్రాన మీ సర్వే నంబరులో ఐటీ పార్కు వస్తుందని కాదు. అది ప్రణాళిక కోసం గీసిన హద్దు. లోపల ఊళ్లు, చెరువులు, అప్పటికే అమ్ముడైన లేఅవుట్లు అన్నీ ఉన్నాయి.

ఆ వైపు ఏమీ రాలేదని కూడా అనకూడదు. రావిర్యాలలో ఈ-సిటీ, మహేశ్వరంలో ఎలక్ట్రానిక్స్ క్లస్టర్ వేరే పథకం కింద వచ్చాయి. ఆ తొలి ఈఎంసీ పథకంలో కొత్త క్లస్టరుకు కేంద్రం ఖర్చులో సగం, వంద ఎకరాలకు 50 కోట్లు మించకుండా ఇచ్చేది. కొంగర కలాన్‌లో ఫాక్స్‌కాన్‌కు 2023 మే 15న శంకుస్థాపన జరిగింది. మీ ప్లాటుకు గిరాకీ వస్తే ఇలాంటి ఫ్యాక్టరీల వల్ల, ఔటర్ వల్ల వస్తుంది.

అమ్మాలా వద్దా అనే ముందు అది అమ్ముడుపోయే కాగితమేనా చూసుకోండి. బీరువాలోంచి సేల్ డీడ్ తీసి, లేఅవుట్‌కు ఎవరి అనుమతి అని ఉందో చదవండి. నగరాభివృద్ధి సంస్థ హెచ్‌ఎండీఏ ఇచ్చిన ఎల్‌పీ (లేఅవుట్ పర్మిట్) నంబరు ఉంటే సగం బెంగ తీరినట్టే. "గ్రామ పంచాయతీ లేఅవుట్" అని ఉంటే చిక్కు అక్కడే, ఎందుకంటే హెచ్‌ఎండీఏ పరిధిలో లేఅవుట్ మంజూరు చేసే అధికారం పంచాయతీకి లేదు. అలాంటి ప్లాటుకు 2020లో వెయ్యి రూపాయలు కట్టి ఎల్‌ఆర్‌ఎస్ (అనుమతి లేని లేఅవుట్ల క్రమబద్ధీకరణ పథకం) దరఖాస్తు పెట్టారా? ఆ పథకానికి కటాఫ్ 2020 ఆగస్టు 26. దరఖాస్తు ఉంటే దాని నంబరు పట్టుకుని స్థితి కనుక్కోండి. లేఅవుట్‌లో ఖాళీ స్థలం వదలకపోతే క్రమబద్ధీకరణ రుసుముతోపాటు ప్లాటు విలువలో 14 శాతం ఓపెన్ స్పేస్ చార్జీ అదనంగా పడుతుంది. బేరం ఆడేటప్పుడు కొనేవాడు ఈ మొత్తాన్ని మీ రేటులోంచే కోస్తాడు.

ఏజెంటు మీద రెరాకు (స్థిరాస్తి వ్యాపార నియంత్రణ సంస్థ) వెళ్లొచ్చా అని కూడా అడిగారు. 2014 నాటి వెంచరుకు కుదరదు. తెలంగాణలో 2017 జనవరి 1 తర్వాత అనుమతి పొందిన ప్రాజెక్టులకే రెరా వర్తిస్తుంది. వినియోగదారుల ఫోరంలో గడువు రెండేళ్లు, అదీ దాటిపోయింది.

ప్ర: కేబినెట్ ఆమోదం అయ్యాక కూడా డబ్బు రాకపోవడమేమిటి? గ్రూప్స్‌కు చదువుతున్నాను. ఎక్కడ ఆగిందో అంచెలవారీగా చెప్పండి. (హన్మకొండ)

జ: ఐటీఐఆర్‌ను నిజంగా అర్థం చేసుకోవాలంటే అడగాల్సిన ప్రశ్న ఇదే. కాబట్టి కాస్త నిడివి పెరిగినా ఓపిక పట్టండి.

ఆ విధానంలో "ఇదిగో ఇన్ని కోట్లు" అన్న పద్దే లేదు. పని మూడు చేతుల్లో పెట్టారు. ప్రాంతం దాకా వచ్చే రైలు, జాతీయ రహదారి, విమానాశ్రయం, టెలికాం కేంద్రం చూసుకోవాలి. అదీ ఆయా శాఖల బడ్జెట్లలోంచి, వీలైన చోట ప్రైవేటు భాగస్వామ్యంతో, గిట్టుబాటు కానిచోట ఆ లోటు పూడ్చే కొంత వయబిలిటీ గ్యాప్ నిధితో. భూమి, కరెంటు, నీళ్లు, మురుగు, లోపలికెళ్లే రోడ్లు రాష్ట్రం పని. లోపలి భవనాలు, వసతులు డెవలపర్ల పని. ప్రాంతం కనీసం 40 చదరపు కిలోమీటర్లుండాలి, అందులో కనీసం 40 శాతం కంపెనీలు, ఫ్యాక్టరీలు పనిచేసే ప్రాసెసింగ్ ఏరియాగా ఉండాలి. దీన్నంతా నడిపేందుకు రాష్ట్రం ఒక మేనేజ్‌మెంట్ బోర్డు పెట్టాలి.

ఇప్పుడు అంకెలు చూడండి. పేపర్లలో పెద్దక్షరాల్లో వచ్చింది 2.19 లక్షల కోట్లు. అది ప్రభుత్వ సొమ్ము కాదు. ఐటీలో 1.18 లక్షల కోట్లు, హార్డ్‌వేర్‌లో 1.01 లక్షల కోట్లు ప్రైవేటు పెట్టుబడి వస్తుందన్న అంచనా. కేంద్రం వైపు నుంచి లెక్కవేసిన మౌలిక వసతులు మొదటి దశలో 942 కోట్లు, 2018 నుంచి 2038 దాకా సాగే రెండో దశలో 3,275 కోట్లు. రెండూ కలిపి 4,217 కోట్లు. మొత్తం అంకెలో నూటికి రెండు రూపాయలు కూడా కాదు. ఆ 942 కోట్లలో ఫలక్‌నుమా నుంచి ఉందానగర్, అక్కణ్నుంచి విమానాశ్రయం దాకా ఎంఎంటీఎస్ (నగర లోకల్ రైలు) పొడిగింపుకు 85 కోట్లు, మిగతాది ప్రధానంగా నగరం నుంచి ఔటర్‌కు వెళ్లే రేడియల్ రోడ్లకు.

ఇక అంచెలు. ఇలాంటి ప్రాజెక్టు ఏదైనా మామూలుగా ఈ వరసలో నడుస్తుంది: రాష్ట్రం ప్రతిపాదన, కేంద్ర కమిటీ పరిశీలన, కేబినెట్ ఆమోదం, రాష్ట్ర జీవోతో ప్రాంతం నోటిఫికేషన్, బోర్డు ఏర్పాటు, ఒక్కో పనికి డీపీఆర్ (సమగ్ర ప్రాజెక్టు నివేదిక), ఆర్థిక మంజూరు, టెండరు, వర్క్ ఆర్డరు. ఐటీఐఆర్ బండి డీపీఆర్‌కూ ఆర్థిక మంజూరుకూ మధ్య దిగబడింది. కారణాల్లో మొదటిది కాలం. కేబినెట్ ఆమోదం నాటికే తెలంగాణ ఏర్పాటు నిర్ణయం వెలువడి రెండు నెలలు కావస్తోంది. 2014 మేలో ఢిల్లీలో ప్రభుత్వం మారింది, జూన్ 2న రాష్ట్రం రెండయింది. ప్రతిపాదించిన రాష్ట్రం ఒకటి, అమలు చేయాల్సిన రాష్ట్రం మరొకటి, ఆమోదించిన కేంద్ర ప్రభుత్వం ఒకటి, డబ్బివ్వాల్సిన కేంద్ర ప్రభుత్వం మరొకటి అయ్యాయి.

రెండో కారణం మాకు ఇంకా ముఖ్యంగా కనిపిస్తుంది. సొంత పద్దు లేని పథకానికి ఏ శాఖా పూచీ పడదు. రైల్వే తన పనుల పద్దులుండే పింక్ బుక్ చూసుకుంటుంది, రహదారుల శాఖ తన వార్షిక ప్రణాళిక చూసుకుంటుంది. ఐటీ శాఖ వాళ్లిద్దరినీ ఆదేశించలేదు, అడగగలదంతే. "ముందు మీరు రోడ్డేస్తే మేం కంపెనీలు తెస్తాం" అని రాష్ట్రం, "ముందు మీరు కాగితాలు పూర్తిచేస్తే మేం చూస్తాం" అని కేంద్రం. 2021లో ఈ తగువు ఉత్తరాలకెక్కింది. అప్పటి రాష్ట్ర ఐటీ మంత్రి కేటీఆర్ కేంద్ర మంత్రికి లేఖ రాశారు, తప్పు రాష్ట్రానిదేనని రాష్ట్ర బీజేపీ ఎదురు తిరిగింది. పరీక్షలో తప్పెవరిదని అడగరు. అడిగితే, ఇంటికి పెద్దదిక్కు ఎవరో రాయకుండానే పెళ్లి ముహూర్తం పెట్టారని మా ఉద్దేశం.

ప్ర: ఐటీఐఆర్ విభజన చట్టంలో ఇచ్చిన హామీ కదా? (నల్లగొండ)

జ: కాదు. పునర్విభజన చట్టం 13వ షెడ్యూలులో తెలంగాణకు గిరిజన విశ్వవిద్యాలయం, ఎన్టీపీసీ 4,000 మెగావాట్లు, ఖమ్మం ఉక్కు, రైల్ కోచ్ ఫ్యాక్టరీ పరిశీలన వంటివి ఉన్నాయి. ఐటీఐఆర్ ఆ జాబితాలో లేదు. సభల్లో వాటితో కలిపి చెబుతుంటారు కాబట్టి అలా నాటుకుపోయింది.

ప్ర: ఐటీఐఆర్ పోయింది కాబట్టి 15 లక్షల ఉద్యోగాలు పోయినట్టే అంటున్నారు. నిజమేనా? (బోడుప్పల్)

జ: 14.8 లక్షల ప్రత్యక్ష ఉద్యోగాలు, 55.9 లక్షల పరోక్ష ఉద్యోగాలు అన్నవి 25 ఏళ్లకు వేసిన అంచనాలు. ఎవరో ఇస్తానని చేతిలో పెట్టిన ఉద్యోగాలు కావు కాబట్టి "పోయాయి" అన్న మాట నప్పదు. అసలేం జరిగిందో చూడండి. 2013-14లో తెలంగాణ ఐటీ ఎగుమతులు 57,258 కోట్లు, 2022-23లో 2,41,275 కోట్లు. ఐటీ ఉద్యోగులు 3.23 లక్షల నుంచి 9.05 లక్షలయ్యారు. ఐటీఐఆర్ లేకుండానే తొమ్మిదేళ్లలో దాదాపు 5.8 లక్షల ఉద్యోగాలు.

చేతిలో పెన్సిలుంటే ఒక లెక్క చేయండి. ఐటీ ఆఫీసులో మనిషికి అటూ ఇటూ వంద చదరపు అడుగులు. 15 లక్షల మందికి 15 కోట్ల చదరపు అడుగులు. హైదరాబాద్‌లో ఎఫ్‌ఎస్‌ఐ (స్థలానికి ఎన్ని రెట్లు కట్టొచ్చన్న లెక్క) పరిమితి లేకుండా కడుతూ వచ్చారు కాబట్టి ఎకరంలో రెండు లక్షల చదరపు అడుగులు కట్టడం పెద్ద విషయం కాదు. అంటే 750 ఎకరాలు. రోడ్లు, పార్కింగు, హార్డ్‌వేర్ ఫ్యాక్టరీలకని ఎన్ని రెట్లు పెంచినా పెంచండి, 202 చదరపు కిలోమీటర్లు, అంటే దాదాపు 50 వేల ఎకరాలు ఎందుకో అంతుపట్టదు. భూమి కొరత వల్ల ఐటీ ఎక్కడా ఆగలేదు. రోడ్డు, రైలు, నీళ్ల దగ్గర ఆగుతుంది.

నష్టం లేదా అంటే ఉంది. అది అంకెల్లో కన్నా మీ బోడుప్పల్ రోడ్డు మీద బాగా కనిపిస్తుంది. ఐటీఐఆర్‌లో తూర్పుకూ దక్షిణానికీ వాటా ఉంది. అది నడవకపోయేసరికి వచ్చిన కంపెనీ వచ్చినట్టే మాదాపూర్, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ వైపే పోయింది. పోచారంలో ఇన్ఫోసిస్ క్యాంపస్, రహేజా పార్కు ఉన్నా వాటి చుట్టూ మరో పది కంపెనీలు చేరలేదు. కంపెనీ హెచ్‌ఆర్ వాళ్లు ముందు చూసేది ఉద్యోగి ఇంటి నుంచి ఎన్ని నిమిషాలన్నదే. ఉప్పల్ నుంచి నారపల్లి వైపు 6.2 కిలోమీటర్ల ఎలివేటెడ్ కారిడార్ పని 2018లో మొదలైంది. ఏళ్లకేళ్లు స్తంభాలు నిలబడ్డాయి, వాటి కింద తవ్విన రోడ్డు గుంతలతో మిగిలింది. భూసేకరణ, పైపులూ కేబుళ్లూ పక్కకు జరపడం దగ్గరే ఇలాంటి పనులు నత్తనడక నడుస్తాయి. ఆ దారిలో రోజూ బస్సెక్కే కుర్రాడు పశ్చిమానికి అద్దెకు మారిపోతాడు, కంపెనీ అతని వెంట పోతుంది.

రాష్ట్రం 2020 డిసెంబరులో గ్రిడ్ విధానం తెచ్చింది. పశ్చిమం కాని దిక్కుల్లో ఆఫీసు పెడితే అద్దెలో, కరెంటులో రాయితీ. మంచిదే గానీ, రాయితీ గుంత పూడ్చదు కదా.

ప్ర: ఐటీఐఆర్ మొదటి దశ పనుల్లో ఒక్కటైనా పూర్తయిందా? (ఫలక్‌నుమా)

జ: మీ ఊరి గుండానే వెళ్లింది. ఫలక్‌నుమా, ఉందానగర్ మధ్య ఎంఎంటీఎస్ లైను 2023 ఏప్రిల్ 8న మొదలైంది. కానీ ఐటీఐఆర్ డబ్బుతో కాదు, ఎంఎంటీఎస్ రెండో దశ కింద. ఆ దశ ఖర్చులో మూడింట రెండొంతులు రాష్ట్రం, ఒక వంతు రైల్వే పెట్టుకోవాలన్నది ఒప్పందం. వాటాల చెల్లింపు మీద పేచీలతో ఏళ్లు గడిచాయి. విమానాశ్రయం దాకా వెళ్లాల్సిన ముక్క మాత్రం ఉందానగర్ దగ్గరే ఆగింది.

ప్ర: మా నాన్న 2006 ప్రాంతంలో ఒక టెక్నాలజీ పార్కుకు భూమి ఇచ్చారు. సగం భూమి ఇంకా ఖాళీగా ఉంది. అయిదేళ్లు వాడకపోతే వెనక్కి ఇవ్వాలని చట్టం ఉందంటున్నారు. కేసు వేయమంటారా? (రంగారెడ్డి జిల్లా)

జ: తొందరపడి వకీలు ఫీజు కట్టకండి. మీరు విన్నది 2013 భూసేకరణ చట్టంలోని సెక్షన్ 101. స్వాధీనం చేసుకున్న అయిదేళ్లలో వాడకపోతే భూమి పాత యజమానికి గానీ, ప్రభుత్వ ల్యాండ్ బ్యాంకుకు గానీ వెళ్తుందని అందులో ఉంది. ఆ "గానీ" చాలా పెద్దది. ఏది చేయాలో ప్రభుత్వమే నిర్ణయిస్తుంది. పైగా మీ భూమి 1894 చట్టం కింద సేకరించింది.

పాత సేకరణలకు ఆశ ఉండేది సెక్షన్ 24(2) మీద. దాని అర్థాన్ని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2020 మార్చి 6న ఇందౌర్ డెవలప్‌మెంట్ అథారిటీ కేసులో తేల్చేసింది. స్వాధీనమూ తీసుకోక, పరిహారమూ ఇవ్వకపోతేనే సేకరణ రద్దవుతుంది. రెండింటిలో ఒకటి జరిగినా రద్దు కాదు. కాబట్టి మీరు వెతకాల్సినవి రెండు కాగితాలు: స్వాధీనం పంచనామా, అవార్డు (పరిహారం ఖరారు ఉత్తర్వు) మొత్తం చెల్లింపు రికార్డు. ఆర్డీవో కార్యాలయంలో ఎల్‌ఏ (భూసేకరణ) ఫైలు నంబరు చెప్పి సర్టిఫైడ్ కాపీలకు అర్జీ పెట్టండి. రెండూ లేవని తేలితే అప్పుడు వకీలు దగ్గరికి వెళ్లండి. అదే నోటిఫికేషన్‌లో మీ పక్క రైతులకు కోర్టు పరిహారం పెంచి ఉంటే పాత చట్టం 28-ఏ కింద మీకూ అడిగే హక్కుండేది, కానీ కోర్టు అవార్డు వచ్చిన మూడు నెలల్లో దరఖాస్తు పడాలి. ఈ గడువు దగ్గరే చాలామంది దెబ్బతిన్నారు.

ఇంకో మాట. భూమి కంపెనీకి అలాట్ అయి ఖాళీగా ఉంటే అలాట్‌మెంట్ లెటరులో నిర్మాణానికి గడువు రాసి ఉంటుంది, మామూలుగా రెండేళ్లు. అది దాటితే రద్దు చేసి వెనక్కి తీసుకునే అధికారం రాష్ట్ర పారిశ్రామిక మౌలిక వసతుల సంస్థ టీజీఐఐసీకి ఉంది. అలా తీసుకున్నా అది సంస్థ ఖాతాలోకే వెళ్తుంది, మీకు రాదు.

ప్ర: కొత్త టెక్ సిటీ పక్కనే అంటూ బ్రోచరు ఇచ్చారు. టోకెన్ అడ్వాన్స్ అడుగుతున్నారు. ఏం చూడాలి? (కర్నూలు)

జ: బ్రోచరు పంపినందుకు సంతోషం. మీ మ్యాపు బాగా పరిశీలించాం. స్కేలు లేదు. ఔటర్ ఎగ్జిట్ నుంచి వెంచరు దాకా గీత వేలెడంత ఉంది, ఎగ్జిట్ నుంచి టెక్ సిటీ దాకా గీతా అంతే ఉంది. కింద చిన్నక్షరాల్లో "ప్రతిపాదిత మెట్రో" అని ఉంది. ప్రతిపాదిత అన్న మాట దగ్గరే ఆగండి. విమానాశ్రయానికి ఎక్స్‌ప్రెస్ మెట్రోకు 2022 డిసెంబరు 9న అప్పటి ముఖ్యమంత్రి చేతుల మీదుగా శంకుస్థాపనే జరిగింది. 31 కిలోమీటర్లు, 6,250 కోట్లు. ఏడాది తిరక్కముందే ప్రభుత్వం మారింది, కొత్త ప్రభుత్వం ఆ దారిని పక్కనపెట్టి వేరే మార్గాలు ముందుకు తెచ్చింది. శంకుస్థాపన అయిన లైనుదే ఈ సంగతి అయితే బ్రోచరులో చుక్కల గీత ఏపాటిది?

ఇక చేయాల్సిన పని. బ్రోచరులో రెరా నంబరు వెతకండి. తెలంగాణ ప్రాజెక్టు నంబరు పీ02 తో, ఏజెంటు నంబరు ఏ02 తో మొదలవుతుంది. 500 చదరపు మీటర్లు దాటిన వెంచరుకు రిజిస్ట్రేషన్ లేకుండా ప్రకటన ఇవ్వడమే నేరం. "ప్రీలాంచ్ కదండీ, నంబరు వస్తుంది" అంటే లేచి వచ్చేయండి. నంబరు ఉంటే టీజీ రెరా సైటులో తెరిచి, అక్కడ పెట్టిన లేఅవుట్ ప్లానూ మీ చేతిలోదీ పక్కపక్కన పెట్టి చూడండి. పార్కు అని చూపించిన చోట ప్లాటు నంబర్లు వేసిన బ్రోచర్లు ఉంటాయి.

తర్వాత సర్వే నంబరు అడగండి. చెప్పకపోతే బేరం లేదు. దాంతో హెచ్‌ఎండీఏలో ల్యాండ్ యూజ్ సర్టిఫికెట్ తీసుకోండి. 2013 జనవరిలో వచ్చిన 2031 మాస్టర్ ప్లాన్‌లో అది నివాస జోనా, పెరి అర్బనా (నగర శివారు), కన్జర్వేషనా (సాగు, పచ్చదనం కాపాడే జోన్) అన్నదే లెక్క. పక్కన టెక్ సిటీ ప్రకటించినంత మాత్రాన జోన్ మారదు. కన్జర్వేషన్ జోన్ అయితే అక్కడ ఇల్లు కట్టుకునే ఆశ వదులుకోండి. చెరువు దగ్గరైతే ఎఫ్‌టీఎల్ (చెరువు నిండినప్పటి నీటి హద్దు) మ్యాపు చూడండి. పది హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువుకు ఎఫ్‌టీఎల్ నుంచి 30 మీటర్లు, చిన్న చెరువుకు 9 మీటర్లు బఫర్ వదలాలి. వేసవిలో సైటు చూపిస్తే చెరువు కనపడదు, వానాకాలం ఒకసారి వెళ్లండి.

ఆస్తి లావాదేవీలు చూపే ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) ఆన్‌లైన్‌లో 1983 నుంచి దొరుకుతుంది. కనీసం 30 ఏళ్లది తీసి లింకు డాక్యుమెంట్లతో సరిపోల్చండి. రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల 22-ఏ నిషేధిత జాబితాలో సర్వే నంబరు ఉందేమో చూడండి. వ్యవసాయ భూమిగా ఉన్న కాలపు రికార్డు కోసం ఇప్పుడు చూడాల్సిన పోర్టల్ ధరణి కాదు, 2025 ఏప్రిల్ 14 నుంచి భూభారతి.

డబ్బు విషయానికొస్తే, రిజిస్టరైన అగ్రిమెంటు లేకుండా ధరలో పది శాతం మించి తీసుకోకూడదు, ఇది రెరా సెక్షన్ 13. సెక్షన్ 12 అంతకన్నా పదునైనది: ప్రకటనలోని తప్పుడు మాట నమ్మి డబ్బు కట్టినవాడు నష్టపరిహారం అడగొచ్చు, వద్దనుకుంటే కట్టిందంతా వడ్డీతో వెనక్కి అడగొచ్చు. తెలంగాణ నిబంధనల్లో ఆ వడ్డీ ఎస్‌బీఐ ఎంసీఎల్‌ఆర్ (బ్యాంకు అప్పులకు మూల వడ్డీ రేటు) మీద రెండు శాతం ఎక్కువ. అయితే రుజువు మీ దగ్గరుండాలి. ఆ బ్రోచరు పారేయకండి, వాట్సాప్‌లో వచ్చిన మ్యాపులు డిలీట్ చేయకండి. "టెక్ సిటీ ఎన్ని కిలోమీటర్లు, ఏ జీవో ప్రకారం?" అని మెసేజ్‌లో అడిగి జవాబు రాతలో రప్పించుకోండి. నోటిమాట రెరా ముందు నిలవదు.

ప్ర: మా వైపు విశాఖ-కాకినాడ పీసీపీఐఆర్ కూడా ఇలాంటిదేనా? (తుని)

జ: తోబుట్టువే. పీసీపీఐఆర్ అంటే పెట్రోలియం, కెమికల్స్, పెట్రోకెమికల్స్ ఇన్వెస్ట్‌మెంట్ రీజియన్. ఆ విధానం 2007లో వచ్చింది, ఐటీఐఆర్‌ది దాదాపు అదే అచ్చు. అక్కడ కనీస విస్తీర్ణం 250 చదరపు కిలోమీటర్లు. ఆంధ్రప్రదేశ్‌కు 2009లో 600 చదరపు కిలోమీటర్లు దాటిన ప్రాంతానికి ఆమోదం దొరికింది. పెట్రోకెమికల్ ప్రాంతానికి ముందు ఒక పెద్ద రిఫైనరీయో, ప్లాస్టిక్ లాంటివాటికి ముడిసరుకు తీసే క్రాకరో ఊతంగా నిలబడాలి, దాని ఉత్పత్తి మీద చిన్న ఫ్యాక్టరీలు బతకాలి. కాకినాడలో హెచ్‌పీసీఎల్, గెయిల్ కలిసి కట్టాల్సిన కాంప్లెక్సు వయబిలిటీ గ్యాప్ సొమ్ము కేంద్రం ఇవ్వాలా రాష్ట్రం ఇవ్వాలా అన్న మాట దగ్గర నిలిచిపోయింది. మళ్లీ అదే జబ్బు.

ప్ర: ఇక్కడ టొరంటోలో గూగుల్ వాళ్ల సైడ్‌వాక్ ల్యాబ్స్ ప్రాజెక్టు కూడా ఇలాగే పోయింది. రెండింటికీ పోలిక ఉందా? (మిసిసాగా, కెనడా)

జ: పైకి కనిపించేంత లేదు. సైడ్‌వాక్ సెన్సర్లతో నడిచే స్మార్ట్ పేట కట్టాలనుకున్న మీ కీసైడ్ 12 ఎకరాలే. 2017 అక్టోబరులో ప్రకటించారు. కేంద్ర, రాష్ట్ర, నగర ప్రభుత్వాలు మూడూ కలిసి పెట్టిన వాటర్‌ఫ్రంట్ టొరంటో సంస్థ భూమికి యజమాని స్థానంలో ఉంది, కాబట్టి అడగడానికీ కాదనడానికీ ఒక మనిషంటూ ఉన్నాడు. 2019 జూన్‌లో సైడ్‌వాక్ ఇచ్చిన ప్లాన్‌లో హద్దు 190 ఎకరాలకు పెరిగింది. సెన్సర్లు పోగేసే సమాచారం ఎవరి చేతిలో ఉండాలన్న దాని మీద అప్పటికే గొడవ. సలహాదారు ఆన్ కవూకియన్ 2018 అక్టోబరులోనే తప్పుకున్నారు. 2019 అక్టోబరు 31న మళ్లీ 12 ఎకరాలకే కట్టడి చేశారు, 2020 మే 7న కంపెనీ ఆర్థిక అనిశ్చితి పేరు చెప్పి వెళ్లిపోయింది. రెండున్నరేళ్లలో తేలిపోయింది, స్థలం వేరే డెవలపర్ల చేతికి వెళ్లింది. మన దగ్గర "రద్దు" అన్న మాట తేటగా చెప్పడానికే ఏళ్లు పట్టింది, ఆలోగా మహేశ్వరంలో ప్లాట్లు అమ్ముడుపోతూనే ఉన్నాయి.

ప్ర: మా మండలంలో ప్రకటించిన ఐటీ పార్కు ఎందుకు ఆగిందని ఆర్టీఐ వేస్తే "సమాచారం లేదు" అన్నారు. ఎలా అడగాలి? (జనగామ)

జ: "ఎందుకు" అని అడిగారు, అక్కడే దొరికిపోయారు. ఆర్టీఐ కింద రికార్డులో ఉన్నది ఇస్తారు, కారణాలు, అభిప్రాయాలు ఇవ్వరు. ప్రశ్నను కాగితంగా మార్చండి. ఫలానా జీవో కింద ప్రకటించిన పార్కు ఫైలు నోట్ షీట్ల నకళ్లు. అలాట్‌మెంట్ లెటర్ల నకళ్లు, వాటిలోని నిర్మాణ గడువు. ఏ తేదీన ఎంత సొమ్ము విడుదలైందో తెలిపే ప్రొసీడింగ్స్ నకలు. భూసేకరణ ప్రాథమిక నోటిఫికేషన్, డిక్లరేషన్ తేదీలు. 2013 చట్టం సెక్షన్ 11 నోటిఫికేషన్ వచ్చిన ఏడాదిలో సెక్షన్ 19 డిక్లరేషన్ రావాలి, ఆ తర్వాత ఏడాదిలో అవార్డు. ఆ రెండు తేదీలు చేతికొస్తే ఎందుకు ఆగిందో ఎవరూ చెప్పక్కర్లేదు.

దరఖాస్తు మండల ఆఫీసుకు వేస్తే అయిదు రూపాయలు, జిల్లా, రాష్ట్ర స్థాయికి పది. గ్రామ స్థాయిలో రుసుము లేదు. మీరు మండలంలో వేసినట్టున్నారు. ఫైలు అక్కడుండదు, టీజీఐఐసీకో సచివాలయంలో ఐటీ శాఖకో వేయండి. నిజానికి తమ దగ్గర లేకపోతే సెక్షన్ 6(3) కింద అయిదు రోజుల్లో సంబంధిత ఆఫీసుకు వాళ్లే బదిలీ చేయాలి, "లేదు" అని తిప్పి పంపకూడదు. జవాబుకు 30 రోజులు, మొదటి అప్పీలుకు 30 రోజులు, రెండో అప్పీలుకు 90 రోజులు. మీ జవాబు కవరు మీది పోస్టల్ ముద్ర తేదీ చూడండి. ముప్పై రోజులు దాటకపోతే కొత్త దరఖాస్తుతోపాటు 6(3) ప్రస్తావించి మొదటి అప్పీలూ వేసేయండి, అప్పీలుకు రుసుము లేదు.